ఫ్లష్ ట్యాంక్ మార్చే ముందు ఒక పెన్సిల్ గీత గీసి చూడండి

మీరు అడిగిన విషయం ఇదీ. మారతహళ్లి పక్కన మున్నేకొలాలలో మూడో అంతస్తులో అద్దె ఫ్లాట్. ఎవరూ బాత్రూమ్‌లోకి వెళ్లకపోయినా కమోడ్ ట్యాంక్ ఇరవై నిమిషాలకోసారి సుయ్‌మని కాసేపు నిండి ఆగిపోతోంది. వారం నుంచి కమోడ్ వెనకాల నేల కూడా తడిగా ఉంటోంది. ప్లంబర్ వచ్చి మూత కూడా ఎత్తకుండా "ట్యాంక్ మొత్తం మార్చాలి, 6,500 అవుతుంది" అన్నాడు. ఓనర్ ఊళ్లో లేరు. ఊరి నుంచి వచ్చిన మీ అమ్మగారికి రాత్రిపూట ఆ చప్పుడుకి నిద్ర పట్టడం లేదు.

టెన్షన్ పడకండమ్మా. నేను హిందూపురం నుంచి బెంగళూరు వచ్చి పంతొమ్మిదేళ్లయింది. అన్నేళ్లూ అపార్ట్‌మెంట్ల మెయింటెనెన్స్ పనే. మీరు చెప్పిన లక్షణాలతో వచ్చిన ట్యాంకుల్లో పింగాణీ నిజంగా పగిలినవి తప్ప మొత్తం మార్చాల్సినవి నాకు పెద్దగా తగల్లేదు. ఎక్కువసార్లు పాడయ్యేది లోపల చేతి గాజు అంత ఉండే ఒక రబ్బరు వాషర్. దాని ఖరీదు వంద రూపాయల లోపే. కాబట్టి నీళ్లు ఎటు పోతున్నాయో తేలేదాకా ఎవరికీ డబ్బు ఇవ్వకండి, ఏ సామానూ కొనకండి.

మీరు రాసిన దాంట్లోనే సగం జవాబు ఉంది. "కాసేపు నిండి ఆగిపోతోంది" అన్నారు. అంటే నీళ్లు లోపలికి వదిలే ఇన్లెట్ వాల్వ్ సరిగ్గానే మూసుకుంటోంది. ట్యాంక్ అడుగు నుంచి నీళ్లు కొద్దికొద్దిగా కమోడ్‌లోకి జారిపోతున్నాయి. మట్టం కాస్త తగ్గగానే ఫ్లోట్, అంటే నీళ్ల మీద తేలే బుడ్డి, కిందికి దిగి, వాల్వ్ మళ్లీ తెరుచుకుంటోంది. ఇన్లెట్ వాల్వే పాడైతే చప్పుడు ఇలా ఆగి ఆగి రాదు, రాత్రంతా సన్నగా వస్తూనే ఉంటుంది. ఈ తేడా గుర్తుపెట్టుకుంటే ఎవరి ఇంట్లోనైనా బయట నిలబడి విని సగం చెప్పేయొచ్చు.

అయినా వినికిడి మీదే ఆధారపడొద్దు, పరీక్ష చేయండి. ట్యాంక్ మూత తీయండి. కొన్నింటిలో మూత నేరుగా పైకి వచ్చేస్తుంది. కొన్నింటిలో బటన్ చుట్టూ ఉన్న రింగును ఎడమవైపు తిప్పి ముందు విప్పాలి. రాకపోతే బలవంతంగా లాగకండి, కింద ఏదో పట్టి ఉందని అర్థం. తీసిన మూతను నేల మీద పాత టవల్ పరిచి దాని మీద పెట్టండి. గోడకు ఆనించి నిలబెడితే జారి పగిలిపోతుంది, ఆ ఒక్క మూత విడిగా దొరకడం చాలా కష్టం.

ట్యాంక్ పూర్తిగా నిండాక కింద గోడకు ఉన్న యాంగిల్ కాక్‌ను, అంటే ట్యాంక్‌కి నీళ్లు వదిలే చిన్న కుళాయిని, కుడివైపు తిప్పి కట్టేయండి. దాన్ని ముట్టుకునే ముందు చివర్లో రాసిన జాగ్రత్త తప్పకుండా చదవండి. నీటి మట్టం ఎక్కడుందో లోపలి గోడ మీద పెన్సిల్‌తో గీత గీయండి. ప్లాస్టిక్ ట్యాంక్ అయితే చిన్న టేప్ ముక్క అంటించండి. రెండు మూడు చెంచాల నీలిమందు గానీ, ఇంట్లో ఉన్న చిక్కటి కాఫీ డికాషన్ గానీ ట్యాంక్‌లో పోసి, గంటసేపు ఎవరూ ఫ్లష్ చేయకుండా చూసుకోండి.

గంట తర్వాత నీళ్లు గీత కంటే కిందికి దిగి, కమోడ్‌లో రంగు కనిపిస్తే ట్యాంక్ నీళ్లను కమోడ్‌లోకి వదిలే ఫ్లష్ వాల్వ్ కింది వాషర్ దగ్గర కారుతోందని ఖాయం. నీళ్లు దిగాయి కానీ కమోడ్‌లో రంగు లేదు, నేల మీద రంగు మరక ఉంది అంటే ట్యాంక్ బోల్టుల దగ్గరో అడుగు వాషర్ దగ్గరో లీకు. నీళ్లు గీత దగ్గరే ఉంటే ట్యాంక్‌లో తప్పు లేదు, ఇన్లెట్ వాల్వ్‌నో బయటి కనెక్షన్ పైపునో చూడాలి. మీ ఇంట్లో రెండు లీకులు ఉన్నాయని నా అనుమానం. ఒకటి లోపల, ఒకటి బయట. ఒకదానికొకటి సంబంధం లేకపోవచ్చు.

ఈ కారడం ఎంతో తెలుసుకోవాలంటే ట్యాంక్ లోపలి పొడవు, వెడల్పు కొలిచి చూడండి. ఉదాహరణకి 35 సెంటీమీటర్లు, 14 సెంటీమీటర్లు అనుకుందాం. మట్టం 2 సెంటీమీటర్లు తగ్గితే దాదాపు ఒక లీటరు పోయినట్టు. ఇరవై నిమిషాలకోసారి ఒక లీటరు అంటే రోజుకి 72 లీటర్లు, నెలకి 2,000 పైనే. మూడు నెలలు తిరక్కుండానే 6,000 లీటర్ల ట్యాంకర్ ఒకటి కమోడ్‌లో పోయినట్టే. 2024 వేసవిలో మా అపార్ట్‌మెంట్ బోర్లు ఎండిపోయినప్పుడు ట్యాంకర్ల కోసం పడిన అవస్థ నేను మర్చిపోలేను. ఆ మార్చిలో జిల్లా యంత్రాంగం ట్యాంకర్ ధరలకు హద్దు పెట్టింది, 5 కిలోమీటర్ల లోపు 6,000 లీటర్లకు 600 రూపాయలని. తాగే నీళ్లతో కార్లు కడిగితే 5,000 జరిమానా అని బెంగళూరు జలమండలి ప్రకటించింది. అప్పుడు మా బ్లాకుల్లో ఇల్లిల్లూ తిరిగి ఫ్లష్ ట్యాంకులే ముందు చూశాను. కుళాయి కారితే అందరికీ కనిపిస్తుంది. ఇది కమోడ్ గోడ మీద పల్చటి పొరలా జారుతుంది, రంగు వేస్తే తప్ప కనపడదు.

ఇక అసలు పని. యాంగిల్ కాక్ కట్టే ఉంచి ఫ్లష్ చేయండి, ట్యాంక్ దాదాపు ఖాళీ అవుతుంది. అడుగున మిగిలిన నీళ్లు స్పాంజితోనో పాత బట్టతోనో తీసేయండి. మధ్యలో గోపురంలా నిలువుగా ఉన్నదే ఫ్లష్ వాల్వ్. ఈ రోజుల్లో వచ్చే రెండు బటన్ల ట్యాంకుల్లో దాన్ని మొదలు దగ్గర పట్టుకుని ఎడమవైపు పావు చుట్టు తిప్పితే లాక్ వదులుతుంది, పైకి తీసేయొచ్చు. కింద గుండ్రంగా వాషర్ కనిపిస్తుంది, రబ్బరుదో సిలికాన్‌దో. దాన్ని గోరుతో మెల్లగా లాగితే ఊడి వస్తుంది.

ఇప్పుడు వాషర్‌ను వెలుతురులో పెట్టి చూడండి. దాని మీద తెల్లగా, గరుకుగా ఒక గార కనిపిస్తుంది. బెంగళూరు తూర్పు వైపు ఉన్నవాళ్లకి ఇది బాగా పరిచయమే. షవర్ రంధ్రాలు పూడ్చేది, గీజర్ కాయిల్‌కి పట్టేది ఇదే. మీ సంపులో బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు, దొరికితే కావేరి నీళ్లు అన్నీ కలుస్తాయి. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. నీళ్లు ట్యాంక్‌లో నిలిచినప్పుడు, అంచుల దగ్గర ఆరినప్పుడు అవి సున్నంలా పేరుకుంటాయి. తాగే నీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం గట్టిదనం, అంటే ఈ లవణాల మోతాదు, లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరకనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. మీ అపార్ట్‌మెంట్ బోరు నీళ్లకి టెస్ట్ రిపోర్ట్ ఉంటే సెక్రటరీని అడిగి ఆ అంకె చూడండి. అది ఎంత ఎక్కువగా ఉంటే ఈ వాషర్‌ను అంత తరచుగా శుభ్రం చేసుకోవాలి.

ఆ గార ఇసుక రేణువంత ఉన్నా చాలు, వాషర్ పూర్తిగా కూర్చోదు, సందులోంచి నీళ్లు జారతాయి. అందుకే కొత్త వాషర్ కొనే ముందు పాతదాన్ని శుభ్రం చేసి చూడండి. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు రెండు చెంచాలు అర లీటరు గోరువెచ్చటి నీళ్లలో కలిపి, వాషర్‌ను అరగంట నానబెట్టండి. వెనిగర్ ఉన్నా సరే. తర్వాత పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే గార వదులుతుంది.

వాషర్ ఒక్కటే శుభ్రం చేసి ఆపేయకండి. చాలామంది చేసే పొరపాటు ఇదే. వాషర్ వచ్చి కూర్చునే అంచు ట్యాంక్ అడుగున ఉంటుంది. వేలి కొసతో దాని చుట్టూ తడిమి చూడండి, గరుకుగా తగిలితే అక్కడా గార ఉన్నట్టే. నిమ్మ ఉప్పు నీళ్లలో తడిపిన బట్టను పావుగంట అంచు మీద చుట్టి ఉంచి తుడిచేయండి. చాకుతో గీకొద్దు, ఉప్పు కాగితం పెట్టొద్దు. అంచు మీద ఒక్క గీత పడితే ఆ గీతలోంచే నీళ్లు పోతాయి, అప్పుడు నిజంగానే మొత్తం సెట్ మార్చాల్సి వస్తుంది.

బాత్రూమ్ కడిగే యాసిడ్ ట్యాంక్‌లో పోయొద్దమ్మా. రబ్బరు, ఇత్తడి బోల్టులు రెండూ తినేస్తుంది. యాసిడ్, నిమ్మ ఉప్పు, వెనిగర్ ఇవేవీ బ్లీచింగ్ పౌడర్‌తో కలవకూడదు. వచ్చే క్లోరిన్ గాలి మూసిన బాత్రూమ్‌లో ప్రాణానికే ప్రమాదం. ట్యాంక్‌లో వేసే బ్లీచ్ బిళ్లలు కూడా వద్దు, వాషర్లు త్వరగా గట్టిపడేది వాటి వల్లే.

శుభ్రం చేశాక వాషర్ మెత్తగా సాగుతూ ఉంటే అదే పెట్టేయండి. గట్టిపడి, అంచు ముద్ర లోతుగా పడి ఉంటే కొత్తది కావాలి. రెండు వైపులా చదునుగా ఉన్న వాషర్ అయితే తిరగేసి పెడితే కొన్ని వారాలు నడుస్తుంది, ఓనర్ వచ్చేదాకా సరిపోతుంది.

కొత్తది కొనడానికి పాత వాషర్‌ను చేతిలో పట్టుకుని శానిటరీ షాపుకి వెళ్లండి. ఫోన్‌లో ఫోటో చూపిస్తే సైజు తెలియదు. హింద్‌వేర్, ప్యారీవేర్, సెరా, జాక్వార్ ఒక్కో కంపెనీది ఒక్కో కొలత, ఒకే కంపెనీలో కూడా మోడల్‌ని బట్టి మారుతుంది. ట్యాంక్ లోపలో మూత కింద భాగంలోనో కంపెనీ పేరు, నంబరు ఉంటే రాసుకోండి. "ఫ్లష్ వాల్వ్ సీల్ వాషర్" అంటే షాపువాళ్లకి అర్థమవుతుంది. వాషర్ విడిగా ఇవ్వం, సెట్టే తీసుకోవాలి అంటే ఇంకో షాపుకి వెళ్లండి.

వాషర్ మార్చినా కారుతూనే ఉందని నాకు ఫోన్ చేసేవాళ్లు చాలామంది. వాళ్లలో సగం మంది ఇళ్లలో తప్పు వాషర్‌ది కాదు, బటన్ కింద ఉండే కడ్డీలది. మూతలోని రెండు బటన్లు రెండు ప్లాస్టిక్ కడ్డీలతో ఫ్లష్ వాల్వ్‌ను నొక్కుతాయి. ఆ కడ్డీలు కాస్త పొడుగైతే మూత పెట్టగానే వాల్వ్‌ను ఎప్పుడూ కొద్దిగా నొక్కి ఉంచుతాయి. వాషర్ వెంట్రుక వాసి పైకి లేచి, కారడం మొదలవుతుంది. దీన్ని పట్టుకోవడం సులువు. మూత తీసినప్పుడు కారడం ఆగి, పెట్టగానే మొదలైతే కడ్డీలదే తప్పు. వాటికి మరలు ఉంటాయి, రెండు మూడు చుట్లు తిప్పి పొట్టి చేయండి. బటన్ నొక్కే ముందు వేలికి కాస్త వదులు తగలాలి. మీ ప్లంబర్ మూత ఎత్తలేదని రాశారు కాబట్టి ఇది ఆయన చూసి ఉండడు.

ఇన్లెట్ వాల్వ్ గురించి కొద్దిగా. మీ ఇంట్లో అది బాగానే ఉన్నట్టుంది, అయినా మూత తీసినప్పుడే చూసేయండి. నీళ్లు నిండి ఆగాక మట్టం ఓవర్‌ఫ్లో గొట్టం (ఎక్కువైన నీళ్లు కమోడ్‌లోకి పోయే గొట్టం) అంచుకి రెండు సెంటీమీటర్లయినా కింద ఉండాలి. పైకి ఉంటే ఫ్లోట్ స్క్రూ తిప్పి దించండి. ఫ్లోట్‌ను చేత్తో పైకెత్తినా నీళ్లు ఆగకపోతే లోపలి వాషర్‌లో ఇసుక చిక్కిందన్నమాట. ట్యాంకర్ నీళ్లతో ఇది మామూలే. వాల్వ్ మొదట్లో ఉండే చిన్న జాలీని తీసి కడిగి పెట్టండి. అప్పటికీ ఆగకపోతే వాల్వ్ మార్చడమే, మూడు నాలుగు వందల్లో పని అయిపోతుంది.

నేల తడి విషయానికి వద్దాం. కమోడ్ వెనకాల అంతా పొడిబట్టతో తుడిచి, కింద న్యూస్‌పేపర్ పరవండి. పొడి టిష్యూ తీసుకుని యాంగిల్ కాక్ మర, కనెక్షన్ పైపు రెండు కొసలు, ట్యాంక్ బోల్టులు, ట్యాంక్ కమోడ్ మీద కూర్చునే చోటు, ఒక్కొక్కటీ వరసగా అద్దండి. మొదట ఎక్కడ తడి తగిలితే అక్కడే లీకు. పేపర్ మీద చుక్క పడిన చోటు చూసి మోసపోకండి. నీళ్లు పైపు వెంట జారి ఇంకో చోట పడతాయి, ఎప్పుడూ పై నుంచి కిందికి వెతకాలి.

నా అంచనా కనెక్షన్ పైపే. ప్లాస్టిక్ పైపులకి కొసల్లో ఉండే నట్టు నాలుగైదేళ్లకి సన్నగా చీలుతుంది. స్టీల్ జాలీ అల్లిన పైపు తెచ్చుకోండి, పాతదాని పొడవు కొలుచుకుని. దాని రెండు కొసల్లో రబ్బరు వాషర్ ఉంటుంది. నీళ్లను ఆపేది ఆ వాషరే, కాబట్టి అక్కడ టెఫ్లాన్ టేప్ చుట్టక్కర్లేదు. చేత్తో బిగించి, ఆ తర్వాత పానాతో పావు చుట్టు. అంతకన్నా వద్దు. ట్యాంక్ వైపు మర ప్లాస్టిక్‌ది, ఇత్తడి నట్టుతో గట్టిగా బిగిస్తే అదే చీలిపోతుంది. టెఫ్లాన్ కావాల్సింది యాంగిల్ కాక్ గోడలోకి వెళ్లే మర దగ్గర మాత్రమే.

బోల్టుల దగ్గర తడి ఉంటే ఒకసారి ఇది, ఒకసారి అది అన్నట్టు రెండిటినీ కొద్దికొద్దిగా బిగించండి. ఒకటే బిగిస్తే ట్యాంక్ ఒక పక్కకి వాలి, ఆ ఒత్తిడికి పింగాణీ పగులుతుంది. పింగాణీలో వెంట్రుకంత బీట కనిపించినా ఎం-సీల్ పెట్టి నమ్ముకోవద్దు. అర్ధరాత్రి అది విడిపోతే ట్యాంక్ నీళ్లతో ఆగదు, ఇన్లెట్ నుంచి నీళ్లు వస్తూనే ఉంటాయి. అప్పుడు మాత్రం ట్యాంక్ మార్చాల్సిందే.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త. ఏళ్ల తరబడి తిప్పని యాంగిల్ కాక్ గారతో బిగుసుకుపోయి ఉంటుంది. 2012లో వైట్‌ఫీల్డ్ వైపు ఒక ఫ్లాట్‌లో నేనే అలాంటిదాన్ని పెద్ద పానా వేసి తిప్పాను. గోడ లోపలి ఇనుప నిపుల్, అంటే కాక్‌ను పైపుకి కలిపే ముక్క, తుప్పు పట్టి ఉందని తెలియదు. మొత్తం ఊడి చేతిలోకి వచ్చింది. టెర్రస్ మీద వాల్వ్ ఏది ఏ లైన్‌దో గుర్తులు లేవు. అది కనుక్కుని కట్టేసరికి నీళ్లు పడకగదిలోకి వెళ్లి, ఆ ఇంటావిడ కొత్తగా చేయించుకున్న బీరువా అడుగంతా ఉబ్బిపోయింది. ఆవిడ ఒక్క మాట అనలేదు, నాకు ఇప్పటికీ బాధే.

కాబట్టి యాంగిల్ కాక్ ముట్టుకునే ముందే మీ బాత్రూమ్‌కి నీళ్లు ఆపే వాల్వ్ ఎక్కడుందో కనుక్కోండి. కొన్ని ఫ్లాట్లలో బాత్రూమ్ గోడలోనే ఉంటుంది, కొన్నింటిలో బయట డక్ట్‌లో, పాతవాటిలో టెర్రస్ మీద. వాచ్‌మన్‌ని అడిగి ఒకసారి కట్టి, కుళాయి తిప్పి నీళ్లు ఆగాయో లేదో చూసుకోండి. ఆ తర్వాతే యాంగిల్ కాక్ జోలికి వెళ్లండి. ఒక చేత్తో దాని మొదలును బట్టతో గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో పిడిని కొంచెం ఇటూ కొంచెం అటూ కదపండి. బిగుసుకుని ఉంటే వదిలేయండి. కాక్ కట్టకుండానే పరీక్ష చేయొచ్చు, ట్యాంక్ మీద అడ్డంగా ఒక కర్ర పెట్టి ఫ్లోట్‌ను దారంతో దానికి పైకి కట్టేస్తే నీళ్లు రావు. గోడలోని మర దగ్గరే కారుతుంటే మాత్రం మీరు చేయకండి, మంచి ప్లంబర్‌ని పిలవండి. ట్యాంక్ గోడ లోపల దాచి ఉన్న రకమైతే కూడా అంతే, దానికి కంపెనీ సర్వీస్ మనిషే కావాలి.

ఓనర్‌గారికి ఇవాళే మెసేజ్ పెట్టండి, రంగు దిగిన కమోడ్ ఫోటో, గీత కింద నీటి మట్టం ఫోటో జత చేసి. తీసిన పాత వాషర్, పాత పైపు పారేయకుండా కవర్లో పెట్టి ఉంచండి, బిల్లులతో పాటు. కింది ఫ్లాట్‌వాళ్ల బాత్రూమ్ సీలింగ్‌లో చెమ్మ వచ్చిందేమో ఒకసారి మర్యాదగా అడగండి. వచ్చి ఉంటే లీకు నేల కిందకీ వెళ్తోందని అర్థం, అది ఓనరే చూసుకోవాల్సిన పని.

అన్నీ బిగించాక యాంగిల్ కాక్‌ను సగం తెరిచి, నెమ్మదిగా నిండనివ్వండి. రెండుసార్లు ఫ్లష్ చేసి, మళ్లీ పొడి టిష్యూతో మరలన్నీ అద్ది చూడండి. రాత్రి పడుకునే ముందు ట్యాంక్ నిండాక కాక్ కట్టేసి, కొత్తగా ఒక గీత గీయండి. పొద్దున లేచి మూత తీసేసరికి నీళ్లు ఆ గీత దగ్గరే ఉన్నాయంటే కాక్ తెరిచేయొచ్చు. అమ్మగారు కూడా ఇక చప్పుడు లేకుండా పడుకుంటారు.